పంతొమ్మిది ఆగి ఏడు నిమిషాలైంది

నా భర్త పోయిన నలభై రెండో రోజున నేను మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పనికి చేరాను. ఏడాది తిరిగేదాకా గడప దాటొద్దని సూరత్‌లోని మా నవాగామ్ గల్లీ ఆడవాళ్ళంతా చెప్పారు. చెప్పినవాళ్ళలో ఒక్కరైనా పిడికెడు బియ్యం తెచ్చి పెట్టలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నేను వినలేదు. మాస్కు కట్టుకుని బయలుదేరాను.

పని నాకు కొత్త కాదు. భయం కొత్త. అక్కడ మగ్గాలు నడిపే ప్రతి మనిషి చెవిలోనూ ఇయర్‌ఫోన్లు ఉంటాయి. ఆ ఇయర్‌ఫోన్లలో మాట్లాడేది నా భర్త కమలాకర్. ఏప్రిల్‌లో చనిపోయాడు, జూన్‌లో కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. బతికినన్నాళ్ళూ నోట్లో నాలుక లేని మనిషి. పోయాక ఒక్క షిఫ్టు కూడా నోరు మూయలేదు. ఎట్లా అంటే చెప్తాను.

కమలాకర్ సాంచాలు బాగుచేసే మాస్టర్. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. 2020లో మొదటి లాక్‌డౌన్ పడ్డప్పుడు మా గల్లీకి గల్లీ మూటలు సర్దుకుని ఊళ్ళకు పోయింది. మేము పోలేకపోయాం. మా అత్తమ్మ ఎల్లవ్వకు తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. అప్పుడే చీరల డిజైన్లు గీసే దుకాణం ఒకటి మూతపడింది. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీవాళ్ళ తాళం ఉండేదట. దాని గడువు అయిపోగానే, ఇరవై ఏళ్ళుగా దుకాణంవాళ్ళు గీసుకున్న బొమ్మల్లో ఒక్కటి కూడా తెరుచుకోలేదు. బొమ్మలు వీళ్ళవి, తాళం వాళ్ళది. ఆ దుకాణంవాళ్ళు కంప్యూటర్‌ను పారేస్తుంటే ఈయన భుజాన వేసుకొచ్చాడు. ఇక దాని ముందే కూర్చున్నాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. గ్యాసు అయిపోయిందంటే ఊఁ, పప్పు అయిపోయిందంటే ఊఁ.

జులైలో షెడ్డు తెరిచారు. నలభై ఎనిమిది సాంచాలకు నలుగురే మనుషులు మిగిలారు. తలా పన్నెండు చూసుకోవాలి. ఆ మోతలో ఏది ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు ఈయన తను రాసింది బయటికి తీశాడు. అద్దాలు పగిలిన పాత ఫోన్లు ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చి, ఒక్కో సాంచాకు ఒక్కోటి గుడ్డపేలికతో కట్టాడు. సాంచా నడుస్తున్నంతసేపూ ఫోన్ వణుకుతుంది. వణుకు ఆగితే ఆ కబురు సాంచా నడిపే కారీగర్ జేబులో ఉన్న అతని సొంత ఫోన్‌కు చేరుతుంది. చెవిలో ఆయన గొంతు, "ఏడు ఆగింది" అంటుంది. అప్పటికీ నడవకపోతే, "ఏడు ఆగి రెండు నిమిషాలైంది" అంటుంది.

ఇందులో మావాళ్ళ పద్ధతి ఒకటి కలిపాడు. మా నేతపని ఇళ్ళలో ఒక మనిషి ఒంటికి పోయొచ్చేలోపు పోగు తెగితే, పక్క మనిషి వచ్చి అతికి పోతాడు. అతికినట్టు చెప్పడు. తిరిగొచ్చినవాడు అడగడు. అతికిన పోగు ఊసెత్తరాదని మా అత్తమ్మ అంటుంది. అందుకని ఆ కబురు పక్క కారీగర్ చెవికి కూడా పోయేట్టు పెట్టాడు. సాంచా మళ్ళీ నడిచిందా, ఇక దాని సంగతి మరిచిపోతుంది. ఎక్కడా రాసుకోదు. రాసి పెడితే రిపేర్లకు పనికొస్తుంది కదా అని ఒకరు అడిగితే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి గట్టిగా చెప్పాడు. "సాంచా ఆగిందని చెప్పాలె. మనిషి ఆగిండని చెప్పొద్దు" అన్నాడు.

గొంతు రికార్డు చేసిన రోజు నాకు బాగా గుర్తు. చప్పుడు పడకూడదని ఉక్కపోసే మిట్టమధ్యాహ్నం రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని, ఒకటి నుంచి నలభై ఎనిమిదిదాకా చెప్పాడు. చెమటకు దుప్పటి తడిసిపోయింది. ఇరవై మూడు దగ్గర నాకు ఓపిక పోయి, "బువ్వ సల్లారుతుంది, ఇగ లేస్తవా లేదా" అని అరిచాను. ఆ అరుపు కూడా అందులో పడింది. మళ్ళీ చెప్పమంటే, "ఉండనియ్, నువ్వు లేకుంటే ఎట్ల" అని నవ్వాడు.

తరువాత దాన్ని ఊరికే అందరికీ ఇచ్చేశాడు. దాని మొదట్లో నాలుగు మాటలు రాసి నాకు చదివి వినిపించాడు. ఇది ఎవరన్న వాడుకోవచ్చు. ఎట్లనన్న మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇయ్యొచ్చు. మార్చి ఇస్తే, ఏం మార్చిన్రో తీసుకున్నోనికి చెప్పాలె. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

"పుక్కట్ల ఎందుకిస్తున్నవ్? రేపు ఎవడన్న దీన్ని చెడ్డ పనికి పెడ్తే?" అన్నాను.

"ధోతి నేసి ఇస్తం. కట్టుకుంటడా, ఉరేసుకుంటడా అని మనం అడుగుతమా?"

"అడగాలె."

"ఇచ్చినంక అది మనది గాదు వినోదా" అని మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఇచ్చినందుకు మనుషులు మాత్రం వచ్చారు. దగ్గరి ఊరు కిమ్‌లో సాంచాలు నడిపే రఘుపతి తప్పులు వెతికి సరిచేశాడు. వడోద్‌లో ఒక ఒడియా మనిషి తన గొంతు పెట్టి ఒడియాలో చేసుకున్నాడు. సిరిసిల్ల, భివండి, మాలెగాం నుంచి మొహాలు తెలియనివాళ్ళు ఫోన్‌లో గ్రూపు కట్టి, దీన్ని తమ పిల్లలా చూసుకున్నారు. ఎవరికి కావలసిన గొంతు వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. మా షెడ్డులోవాళ్ళు మాత్రం కమలాకర్ గొంతే ఉంచుకున్నారు.

మరుసటి ఏప్రిల్‌లో కరోనా రెండో అల వచ్చింది. ఆస్పత్రిలో ఎనిమిది రోజులున్నాడు. లోపలికి పోనివ్వలేదు. ఆఖరికి సంచిలో చుట్టిన మనిషిని దూరం నుంచి చూపించారు, అది ఆయనే అని నమ్మమన్నారు. చెప్పులు తిరిగొచ్చాయి, ఫోన్ రాలేదు. మా పెళ్ళి వీడియో, పండగ వీడియోలు, అన్నీ ఆ ఫోన్‌తోనే పోయాయి. ఆయన గొంతు ఈ లోకంలో ఇక సాంచాల షెడ్డులో తప్ప ఎక్కడా లేదు.

పనికి చేరిన మూడో రోజు, మధ్యాహ్నం కరెంటు పోయింది. నలభై ఎనిమిది సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ మోతకు అలవాటు పడ్డ చెవులకు నిశ్శబ్దం భరించరానిది. రేకుల సందుల్లోంచి వెలుతురు పడుతోంది, అందులో నూగు ఎగురుతోంది. నలుగురు కారీగర్లూ ఉన్నచోటే తల వంచుకుని నిలబడిపోయారు. ఏం వింటున్నారో నాకు తెలుసు.

బుచ్చిరాములు మామ నా దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, షెడ్డులో అందరికంటే పెద్ద. కమలాకర్‌కు చిన్నప్పుడు పోగు అతకడం నేర్పింది ఆయనే. చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి, "ఇంటవా బిడ్డా?" అన్నాడు. నేను చెయ్యి చాపాను.

"పదమూడు ఆగింది. పద్నాలుగు ఆగింది. పదిహేను ఆగింది."

తొందర లేకుండా, వరుసగా చెప్పుకుపోతున్నాడు. ఇరవై మూడు దగ్గర వెనకనుంచి నా గొంతు వినిపించింది. అన్నం చల్లారుతుందని మొగుణ్ణి కసురుకుంటున్న ఆడది ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను. దానికి మొగుడున్నాడు. మామ సాంచాలు పన్నెండూ ఇరవై నాలుగుతో అయిపోయాయి, తరువాత పక్కవాళ్ళవి చెప్పాడు. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టాడు. "పదమూడు ఆగి రెండు నిమిషాలైంది." కరెంటు వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. నేను ఇయర్‌ఫోన్ పీకి మామ చేతిలో పెట్టి, కండెల బుట్ట పక్కన కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆ రోజునుంచి నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఏదైనా ఆగితే చాలు, ఆయన చెప్తాడని చూస్తాను. కుళాయిలో నీళ్ళు ఆగితే చెయ్యి అట్లాగే పెట్టి నిలబడతాను. ఫ్యాను ఆగితే పైకి చూడను, పక్కకు చూస్తాను. గల్లీలో టెంపో వచ్చి ఆగితే చేతిలో పని వదిలేసి చెవి రిక్కిస్తాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే భూతవైద్యుణ్ణి పిలుస్తారు.

అత్తమ్మకు మాత్రం అన్నీ తెలుసు. కర్ర పట్టుకుని నడవడం రాగానే, నాకు అన్నం తెచ్చే వంకతో షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. బుట్ట పక్కన పీట వేసుకుని, బుచ్చిరాములు మామ ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో పెట్టుకుని గంటసేపు కూర్చునేది. సాంచాలు బాగా నడిచిన రోజు మొహం వేలాడేసుకుని లేచేది. "ఇయ్యాల ఒక్కటన్న ఆగదాయె" అనేది. షెడ్డు సాంతం ఆగిపోవాలని మొక్కుకున్న మనిషి సూరత్‌లో ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

సెప్టెంబరులో ఒక రోజు బుచ్చిరాములు మామ పని మధ్యలో టిఫిన్ డబ్బా పట్టుకుని నా ముందుకొచ్చాడు. షెడ్డు ఓనరు సేఠు పనిలోంచి పొమ్మన్నాడట.

"ఎందుకు మామా?"

"చిట్టీ సదివిండు బిడ్డా. మంగళారం పంతొమ్మిది ఆగి ఏడు నిమిషాలైందట. బుధారం పద్నాలుగు ఆగి తొమ్మిది నిమిషాలట. నెల దినాలది రాసిపెట్టిండు. ఎవ్వలు సెప్పిన్రు సేఠూ అంటే, మీ కమలాకరే సెప్పిండన్నడు."

మామకు షుగర్ జబ్బు. గంటకోసారి ఒంటికి పోవాలి. అది షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ ఊసెత్తరు.

"ఆయన జేసినదానికి యాది ఉండదు మామా. సాంచా నడిస్తే మరిచిపోతది. పక్కోని చెవులకు గూడ పోతది, వాళ్ళు అతుకుతరు" అన్నాను.

"గట్లనే అనుకున్న. సేఠు మనిషొచ్చి కొత్తది పెడ్తనంటే, కమలాకర్ గొంతే గదా అని నా ఫోన్ల పెట్టనిచ్చిన. నెల దినాలసంది పక్కోని చెవులకు మాటే పోతలేదంట. అందరం ఫోన్లే ఖరాబైనయనుకున్నం." డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "సచ్చినోన్ని తిట్టొద్దు. గని నేనైతే మాఫ్ జెయ్య."

తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. మామ గేటు దాటేదాకా చూసి, నేరుగా సేఠు గదిలోకి పోయాను.

గది తలుపు మూస్తే సాంచాల మోత సగం తగ్గుతుంది. సేఠు బల్ల మీద చిన్న స్పీకర్ ఉంది. నేను నోరు తెరిచేలోపు అది మాట్లాడింది.

"ముప్పై రెండు ఆగి మూడు నిమిషాలైంది."

పక్కన కంప్యూటర్‌లో పరమేశ్వర్ పేరు ఎదురుగా మూడు అని పడింది. పరమేశ్వర్ మా పక్క గదిలో ఉండే పిల్లవాడు, కిందటి నెలే వాడికి కూతురు పుట్టింది. నేను ఆ స్పీకర్‌ను చూస్తూ నిలబడ్డాను. మాట అదే, గొంతు అదే. చెవి మారింది, అంతే. చాడీలు చెప్పడం చేతకాని మనిషిని చచ్చాక చాడీకోరును చేసి కూర్చోబెట్టారు.

సేఠు మర్యాదస్తుడు. నీళ్ళు ఇప్పించాడు. సగం హిందీ, సగం గుజరాతీలో మెల్లగా చెప్పాడు. ఎట్లా కావాలంటే అట్లా మార్చుకోవచ్చని కమలాకర్ భాయే రాశాడు కదా వినోదాబెన్, కంప్యూటర్ పని తెలిసిన మనిషితో నేను మార్పించుకున్నాను, ఇందులో తప్పేముంది అన్నాడు.

"ఏం మార్చారో తీసుకున్నవాళ్ళకు చెప్పాలని కూడా రాశాడు" అన్నాను.

"ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

"ఆయన గొంతైనా తీసెయ్యండి."

"అది ఎందుకు తీయడం? ఆ గొంతంటే మనవాళ్ళకు నమ్మకం" అన్నాడు. నవ్వలేదు, వెటకారమూ చెయ్యలేదు. ఉన్నమాటే చెప్పాడు. అందుకే నాకు అంత భయం వేసింది.

కిమ్‌కు ఫోన్ చేశాను. కమలాకర్ పోయాక ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నది రఘుపతే. అంతా చెప్పాను.

"ఆపలేం వదినె" అన్నాడు. "సేఠుకు గూడ ఆ హక్కు అన్ననే ఇచ్చిండు. మంచోళ్ళకే ఇస్తమంటే, ఎవడు మంచోడో చెప్పెటోడు ఒకడు మీద కూసుంటడు, తాళం మళ్ళ వాని చేతుల వడ్తది అని అన్న అనేటోడు. ఏం మార్చినవో చూపియ్యమని సేఠుకు రాస్త. చూపియ్యకుంటే కోర్టుకు పోయే తాకత్ మనకు లేదు."

"అయితే నన్నేం జెయ్యమంటవ్? సచ్చి సాధిస్తున్నడని నవ్వుకోమంటవా?"

"సేఠుకు ఎంత హక్కో కారీగర్లకు గంతే హక్కు. ఫోన్లు వాళ్ళయి. సేఠు పెట్టింది తీసేసి అసలుది మళ్ళ పెట్టుకోవచ్చు. ఎవ్వడు ఆపలేడు."

"పెట్టుకుంటరు. ఎల్లుండి సేఠు మళ్ళ మారుస్తడు. రెండిట్ల గదే గొంతాయె. చెవుల మాట్లాడేది ఏ కమలాకరో వాళ్ళకెట్ల ఎర్కైతది రఘుపతీ?"

"అసలుదాంట్ల..." అని నసిగాడు. అతను ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలిసిపోయింది. అతని నోటితో చెప్పించడం ఇష్టం లేక నేనే అన్నాను.

"అసలుదాంట్ల గొంతు మార్చాలె. అంతేనా?"

"అంతే వదినె. వేరే గొంతు వెడ్తే చెవుల వడంగనే ఎర్కైతది, ఏది మనదో ఏది గాదో."

"అప్పుడు ఆయన గొంతు దొంగదాంట్లనే మిగుల్తది."

"ఔ" అన్నాడు. "గ్రూపుల అందరిని అడుగుత. నువ్వు వద్దంటే ఒక్కడు గూడ చెయ్యి వెట్టడు."

మర్నాడు కబురు వచ్చింది. మొహాలు తెలియని నలభై మందీ ఒక్కటే మాట రాశారట, వదిన ఏదంటే అది అని. గొప్పవాళ్ళే. ఈ బరువు తీసుకొచ్చి నా నెత్తిన పెట్టి చేతులు కడుక్కున్నారని తిట్టుకున్నాను. వాళ్ళలో ఒక్కరు వద్దన్నా, ఆ వంక పట్టుకుని నేనూ వద్దనేదాన్ని.

రెండు రోజులు ఏమీ తేల్చుకోలేదు. కావాలంటే ఆ గొంతును కార్డులో వేసి ఇస్తాను, ఇంట్లో పెట్టుకో అన్నాడు రఘుపతి. డబ్బాలో దాచుకున్న గొంతు నాకేం చేసుకోను. రోజూ పొద్దున్నే పనిలోకి పోయి, ఎవరికో ఒకరికి అక్కరకొచ్చే మాట చెప్తున్నాడని కదా నేను బతుకుతున్నాను. ఆ ఒక్క సంగతి కూడా పోతే ఆయన నిజంగా పోయినట్టే. నా స్వార్థం నేను చెప్పుకోవాలి. మామ పని పోయినా, పరమేశ్వర్ పని పోయినా సరే, ఆ గొంతు అట్లాగే ఉండనీ అని ఒక పూట అనుకున్నాను.

మూడో రోజు నీళ్ళకుండ దగ్గర నేను వంగి ఉంటే, వెనకాల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మామ సంగతి షెడ్డంతా పాకింది. "సచ్చినోడు సచ్చి సేఠుకు అమ్ముడువోయిండు" అన్నాడు ఒకడు. ఇంకొకడు ఇయర్‌ఫోన్లు పీకి, ఉమ్మేసి, జేబులో కుక్కుకున్నాడు. చేతిలో చెంబు అక్కడే పెట్టి ఇంటికి పోయాను.

అత్తమ్మ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏదీ దాచకుండా అంతా చెప్పాను. కొడుకు గొంతు ఎక్కడుందో, ఏం చేస్తోందో, ఎవరి పని పోయిందో చెప్పాను. తీసేస్తే ఇక షెడ్డుకు వచ్చినా వినిపించడని కూడా చెప్పాను. చేట కింద పెట్టింది.

"బుచ్చిరాములుకా?" అంది.

"ఔ అత్తమ్మా."

"తీసెయ్ పిల్లా" అంది. "వాడు నా కడుపుల పుట్టిండు. ఫోన్ల పుట్టలే."

ఆ మాట అని కొంగు మొహానికి కప్పుకుంది. నేను ఆమెను పట్టుకుని కూర్చున్నాను. ఆయన పోయినప్పుడు మమ్మల్ని ఎవరూ ముట్టుకోలేదు, మేము కూడా ఒకరినొకరం పట్టుకుని ఏడవలేదు. ఆ బాకీ ఆ రోజు తీరింది.

కొత్త గొంతు ఎవరిది పెట్టాలని రఘుపతి అడిగితే, నేను పెడతానంది అత్తమ్మ. ఆమెకు ఇరవై దాటితే లెక్క రాదు. నేను చెప్తుంటే తను అంది. ఉత్త "ఆగింది" అనమంటే అనదు. "ఏడు ఆగింది, సూడు బిడ్డా" అంటుంది. బిడ్డా వద్దు, పొడుగైపోతుంది అంటే, "బిడ్డా అనకుంటే ఎవడు లేస్తడే" అని నన్నే కసిరింది. నలభై ఎనిమిది సార్లూ అట్లాగే చెప్పింది. రఘుపతి దాన్ని పెట్టి, కమలాకర్ గొంతు తీసేసి పంపాడు. ఎందుకు తీశారో మొదట్లోనే రెండు ముక్కలు రాశాడు.

షిఫ్టు మారే వేళ సాంచాలు పావుగంట ఆపుతారు. పోయే షిఫ్టులో మామ పోగా మిగిలిన ముగ్గురు, వచ్చే షిఫ్టు నలుగురు ఉన్నప్పుడు నేను కండెల బుట్ట బోర్లించి ఎక్కి నిలబడ్డాను. నా నోటికి గల్లీలో పేరుంది. ఆ రోజు మాత్రం రెండుసార్లు దగ్గి మొదలుపెట్టాను. సేఠు ఏం మార్చాడో చెప్పాను. తీసెయ్యడం ఎట్లాగో, కొత్తది పెట్టుకోవడం ఎట్లాగో చెప్పాను. ఏది ఉంచుకుంటారో మీ ఇష్టం, ఫోన్లు మీవి అన్నాను. ఆఖరి మాట మిగిలింది.

"ఇగ నుంచి చెవుల కమలాకర్ మాట్లాడితే, నమ్మొద్దు" అన్నాను.

"గీ మాట నువ్వంటున్నవా అక్కా?" అన్నాడు పరమేశ్వర్.

"నేనే అంటున్న."

ఒకరి తరువాత ఒకరు ఫోన్లు తీశారు. తీసేసేముందు ఒకసారి చెవిలో పెట్టుకుని విన్నవాళ్ళున్నారు. పరమేశ్వర్ విన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

సేఠు వారం రోజులు ఎగిరాడు. తనది పెట్టుకోకపోతే పొమ్మన్నాడు. సరే, ఫోన్లన్నీ సాంచాల నుంచి విప్పి తీసుకుపోతామన్నారు ఏడుగురూ. ఆ రోజుల్లో సూరత్‌లో కారీగర్లు దొరికితే ఒట్టు. ఊరుకున్నాడు. తరువాత కెమెరాలు పెట్టించాడు, ఆ గొడవ వేరే. బుచ్చిరాములు మామకు వడోద్‌లో పని దొరికింది. ఎల్లవ్వ గొంతు ఉన్నదే ఫోన్‌లో పెట్టుకున్నాడని విన్నాను. మాఫ్ చేశాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సేఠు తను మార్పించినదాన్ని తెలిసిన సేఠులకు కూడా ఇచ్చాడు. ఇచ్చే హక్కు ఉంది కదా. మా షెడ్డులో లేకుండా పోయిన మనిషి ఎన్ని షెడ్డుల్లో తేలాడో నాకు తెలియదు.

2022 జనవరిలో రఘుపతి భార్యకు ఒంట్లో బాగోలేదంటే చూడటానికి కిమ్ పోయాను. స్టేషన్‌లో దిగి, సాంచాల మోత వినబడుతున్న రోడ్డు వెంట నడుస్తున్నాను. పొద్దున పది గంటలై ఉంటుంది. ఒక షెడ్డు ముందు గది కిటికీ తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. అక్కడినుంచి వినిపించింది.

"ముప్పై ఒకటి ఆగి నాలుగు నిమిషాలైంది."

నాలుగు నెలలైంది ఆ గొంతు విని. జలుబు లేదు, ఆయాసం లేదు. ఏ జబ్బూ తెలియని గొంతు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. లోపల ఎక్కడో ముప్పై ఒకటో సాంచా మనిషి పేరు ఎదురుగా అంకె పడుతోందని నాకు తెలుసు. తెలిసే నిలబడ్డాను. ఐదు నిమిషాలైంది అన్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కసారి అనుకున్నాను. ఆరు నిమిషాలైంది అన్నాడు. ఊచ వదిలిపెట్టి గేటు తోసుకుని లోపలికి పోయాను.

ముప్పై ఒకటి దగ్గర ఒక బక్కపలచని మనిషి తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ తెగిన పోగు వెతుకుతున్నాడు. నన్ను చూసి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"ఎవరమ్మా నువ్వు? లోపలికెట్లొచ్చినవ్?"

"నీ చెవుల మాట్లాడేటోని పెండ్లాన్ని" అన్నాను. "ఫోన్ ఇటియ్యి తమ్మీ, ఆయనను తీసేస్త."